కూలగొట్టడం మొదలయ్యాక బతికిన చర్చి

కరువు తరిమితే న్యూయార్క్ చేరిన ఐరిష్ జనం కట్టుకున్న ప్రార్థనాలయం సెయింట్ బ్రిజిడ్. పేట జనం దానికోసం ఏళ్ళతరబడి కొట్లాడారు. చట్టం వాళ్ళ పక్షాన నిలబడలేదు. అయినా చర్చి నిలబడింది.

2006 జులై నెలాఖరు. మన్‌హట్టన్ తూర్పు వైపున, టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కు ఎదురుగా ఉన్న సెయింట్ బ్రిజిడ్ చర్చిలోకి కూల్చివేత పనివాళ్ళు దిగారు. రంగుటద్దాల కిటికీలు భళ్ళున పగిలాయి. వెనక గోడకు పెద్ద కన్నం పడింది. ఆ చర్చిలో జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు జరిగిన కుటుంబాల వాళ్ళు రోడ్డు మీద నిలబడి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళ లాయర్లు మాత్రం కోర్టుకు పరుగెత్తారు. స్టే వచ్చింది. సుత్తులు ఆగిపోయాయి.

అప్పటికి ఆ కట్టడం వయసు 157 ఏళ్ళు. కన్నం పడ్డ గోడతో, అద్దాల్లేని కిటికీలతో అది మరో రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. అటు కూలదు, ఇటు లేవదు. చివరికి దాన్ని గట్టెక్కించింది న్యాయమూర్తి తీర్పూ కాదు, నగరపాలకుల దయా కాదు. పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక మనిషి రాసిచ్చిన చెక్కు. అయితే చెక్కు వచ్చే నాటికి అక్కడ చర్చి మిగిలి ఉందంటే, దానికి కారణం అంతకు ముందు అయిదారేళ్ళు మొండిగా అడ్డం పడ్డ మామూలు జనం. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఇవాళ ఆ స్థలంలో ఫ్లాట్లు ఉండేవి. అదే పేటలో అలా ఫ్లాట్లుగా మారిన చర్చి కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

ఓడ కట్టిన చేతులే

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. పేదవాడి కంచంలో అది తప్ప ఇంకో తిండి లేని దేశం. ఏడేళ్ళలో దాదాపు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో పోయారు. అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి దేశం విడిచారు. గుంటూరు సీమ డొక్కల కరువు కథలు తాతల నోట విన్నవారికి ఆ దృశ్యాన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. అలా వచ్చిపడ్డ వాళ్ళలో వేలాదిమంది న్యూయార్క్‌లోనే ఆగిపోయారు. ఈస్ట్ రివర్ ఒడ్డున అప్పట్లో ఓడలు కట్టే యార్డులు వరసగా ఉండేవి. ఆ పేటను డ్రై డాక్ అని పిలిచేవారు. కండబలం ఉన్న ఐరిష్‌వాడికి అక్కడ పని దొరికేది.

పని దొరికింది, గది దొరికింది, ఇక గుడి కావాలి. 1848లో బిషప్ జాన్ హ్యూస్ పునాదిరాయి వేశాడు. మరుసటి ఏడాది చివరికల్లా చర్చి సిద్ధమైంది. నక్షా గీసింది పాట్రిక్ కీలీ. ఆయనా ఐర్లండ్‌లోని టిప్పరరీ నుంచి వచ్చినవాడే. తర్వాతి కాలంలో అమెరికా తూర్పు తీరమంతటా దాదాపు ఆరు వందల చర్చిలకు నక్షాలు గీశాడని చెప్పే కీలీకి ఇది తొలినాళ్ళ పని. పేరు ఐర్లండ్ పాలక పునీతురాలు బ్రిజిడ్‌ది. కరువు బాధితులు కట్టుకున్న గుడి కాబట్టి ఐరిష్ అమెరికన్లకు అది 'కరువు చర్చి'.

లోపలికి వెళ్ళి తల పైకెత్తితే, చెక్కతో కట్టిన పైకప్పు బోర్లించిన ఓడ అడుగులా కనిపిస్తుంది. పగలంతా యార్డులో ఓడలు కట్టిన వడ్రంగులే సాయంత్రాలు ఇక్కడికి వచ్చి కప్పు కట్టారని పేటలో చెప్పుకుంటారు. కప్పు దూలాలు గోడను తాకేచోట మనుషుల ముఖాలు చెక్కి ఉంటాయి. అవి పునీతుల ముఖాలు కావట. తమ ముఖాలనే అక్కడ చెక్కుకున్నారట. కాగితం మీద రుజువు లేని మాటే గానీ, కొట్టిపారేయాలని కూడా అనిపించదు. కూలిపని చేసేవాడికి తన పేరు రాసుకునే రాయి ఎక్కడా దొరకదు మరి.

ఐరిష్ వాళ్ళు నాలుగు డబ్బులు చూసుకుని వేరే పేటలకు మారారు. వాళ్ళ వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేసరికి బెంచీల మీద కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్ళు. దివ్యపూజ స్పానిష్‌లో మోగింది. 1962లో రెండు బురుజుల మీది శిఖరాలను దించేశారు. ముందు గోడ మీద సిమెంటు పూత పడింది. ఎదురుగా పార్కులో 1988 ఆగస్టులో పోలీసులకూ జనానికీ పెద్ద ఘర్షణే జరిగింది. నిలువ నీడలేక పార్కులో డేరాలు వేసుకున్నవాళ్ళను రాత్రిపూట ఖాళీ చేయించబోవడం దానికి మూలం. ఆ రోజుల్లో సెయింట్ బ్రిజిడ్ గురువులు ఇళ్ళులేనివాళ్ళ పక్షాన ఉన్నారు. పెద్దల చర్చి కాదది. ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడి చర్చి.

గోడ బీటలిచ్చింది

2001లో వెనక గోడ మిగతా కట్టడం నుంచి విడిపోతున్నట్టు తేలింది. జనం నెత్తిన పడితే ఎవరు జవాబుదారీ? తలుపులు మూశారు. పూజలు పక్కనున్న బడికి మారాయి. విచారణ జనం, అంటే ఆ చర్చి పరిధిలోని విశ్వాసులు, చందాలు వేసుకున్నారు. ఆ పేదపేటలో లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. గోడ బాగుచేయించుకుని మళ్ళీ లోపలికి వెళతామనుకున్నారు. 2004లో అగ్రపీఠం, అంటే న్యూయార్క్ ఆర్చిడయోసిస్, అసలు విచారణనే రద్దు చేసింది. విచారణ లేకపోతే చర్చితో పనేమిటి? పనిలేని కట్టడానికి మరమ్మతు ఖర్చు దేనికి? లెక్క అలా సాగింది.

అగ్రపీఠానికి ఉన్న ఇబ్బందిని తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. న్యూయార్క్‌లో కతోలిక చర్చిలు చాలావరకు వలసలు ఉప్పొంగిన కాలంలో కట్టినవి. ఐరిష్ వాళ్ళకొకటి, జర్మన్లకొకటి, ఇటాలియన్లకొకటి అని నాలుగు వీధులకొక చర్చి లేచింది. ఆ జనం చెదిరిపోయాక గోడలు మిగిలాయి. పూజకు వచ్చేవాళ్ళు తగ్గారు, గురువులు తగ్గారు, చందాలు తగ్గాయి. 2014లో ఆ అగ్రపీఠం ఒక్క ప్రకటనతో 112 విచారణలను కలిపి 55 చేసిందంటే పరిస్థితి అర్థమవుతుంది. నూటయాభై ఏళ్ళనాటి రాతి గోడ ఏటా డబ్బు తింటుంది. అదే గోడ కింద ఉన్న నేలకు మన్‌హట్టన్‌లో పలికే ధర ఏ కోశాధికారికైనా నిద్రపట్టనివ్వదు.

కానీ సెయింట్ బ్రిజిడ్ జనం వేరే ప్రశ్న వేశారు: ఈ కట్టడం ఎవరిది? న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం ఒక్కో కతోలిక విచారణ ఒక్కో సంస్థ. దానికి అయిదుగురు ట్రస్టీలు. అగ్రపీఠాధిపతి, ఆయన ప్రధాన ప్రతినిధి, విచారణ గురువు, వీళ్ళతో పాటు ఇద్దరు మామూలు విశ్వాసులు. కూల్చాలన్న నిర్ణయం ఆ బోర్డు సవ్యంగా ఏర్పడి, సవ్యంగా తీసుకున్నది కాదని వాళ్ళ వాదన. కాగితాల మీద వాదన అదే గానీ, దాని వెనక ఉన్న మాట సూటిగా ఉంది. పైసా పైసా వేసి కట్టింది మా ముందువాళ్ళు, మమ్మల్ని అడగకుండా ఎలా కూలుస్తారు?

కోర్టుల్లో మొగ్గు అగ్రపీఠం వైపే ఉంది. లౌకిక న్యాయస్థానాలు మతసంస్థ లోపలి నిర్ణయాల్లో వేలు పెట్టడానికి వెనకాడతాయి. ఇంకో దారి నగరపు చారిత్రక కట్టడాల జాబితా. 1963లో మొదలుపెట్టి పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ లాంటి మహాసౌధాన్ని నేలమట్టం చేశాక న్యూయార్క్ గుండెలు బాదుకుని, 1965లో తెచ్చుకున్న చట్టం అది. జాబితాకెక్కిన కట్టడాన్ని, ఆ జాబితా చూసే నగర కమిషన్ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. చర్చిలకూ మినహాయింపు లేదు. పార్క్ అవెన్యూలోని సెయింట్ బార్తలోమ్యూ చర్చివారు తమ సామాజిక భవనాన్ని పడగొట్టి ఆఫీసు టవర్ కట్టుకుంటామని పోరాడితే, 1990లో ఫెడరల్ అప్పీలు కోర్టు కుదరదంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు. అయితే ఆ కవచం సెయింట్ బ్రిజిడ్‌కు లేదు. శిఖరాలు పోయి, ముఖం మీద సిమెంటు పూసుకున్న కట్టడం జాబితాకెక్కలేదు. అందంగా లేకపోవడం కూడా కట్టడాల పాలిట శాపమే.

ఇక మిగిలింది గొడవ చేయడం. చేశారు. కమిటీ పెట్టారు, చర్చి మెట్ల ముందు ప్రార్థనలు పెట్టారు, పత్రికలవాళ్ళను పిలిచారు. ఐరిష్ అమెరికన్ రచయితలు గొంతు కలిపారు. సినీనటుడు మాట్ డిలన్ వచ్చి మాట్లాడాడు. ప్యూర్టోరికన్ అవ్వలూ, ఐరిష్ చరిత్ర ప్రేమికులూ, చర్చి గడప తొక్కని ఈస్ట్ విలేజ్ కుర్రకారూ ఒకే వరసలో నిలబడ్డారు. కింది కోర్టులో ఓడితే పై కోర్టుకు వెళ్ళారు. ప్రతి అప్పీలూ కొన్ని నెలలు సంపాదించి పెట్టింది. వాళ్ళు గెలిచింది ఆ నెలలే.

రెండు కోట్ల డాలర్లు, పేరు లేదు

2008 మే 21న అప్పటి అగ్రపీఠాధిపతి కార్డినల్ ఎడ్వర్డ్ ఈగన్ కార్యాలయం ఒక ప్రకటన చేసింది. ఒక దాత రెండు కోట్ల డాలర్లు ఇస్తున్నారు. అప్పటి మారకంలో మన లెక్కన ఎనభై కోట్ల రూపాయల పైమాటే. అందులో కోటి డాలర్లు చర్చి మరమ్మతుకు. ఇరవై లక్షలు విచారణను మళ్ళీ నిలబెట్టి నడపడానికి మూలధనంగా. మిగతా ఎనభై లక్షలు సెయింట్ బ్రిజిడ్ బడికీ, ఇబ్బందుల్లో ఉన్న ఇతర విచారణ బడులకూ. దాత పేరు అగ్రపీఠం బయటపెట్టలేదు.

గుడి గోడ మీద ట్యూబులైటు పెట్టించినా వెలుతురుకు అడ్డంగా పేరు రాయించుకునే దాతలను చూసిన మనకు ఇది కాస్త వింతే. ఆ మనిషి ఎవరో గానీ, చందా ఎలా ఇవ్వాలో తెలిసినవాడు. కట్టడానికి మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. కట్టడాన్ని నడిపే మనుషులకు కూడా ఇచ్చాడు. రాతిగోడ బాగైనా లోపల పూజ లేకపోతే మరో పదేళ్ళకు కథ మొదటికే వస్తుందని గ్రహించి ఇచ్చిన డబ్బు అది.

పని మాత్రం వెంటనే అయిపోలేదు. పునాదులు బలపరచాలి, విడిపోయిన గోడను సరిచేయాలి, లోపల చెక్కపనికి మళ్ళీ ప్రాణం పోయాలి. కిటికీల సంగతే అన్నిటికన్నా చిక్కు. పాతవి 2006లోనే పగిలాయి. హార్లెమ్‌లో 118వ వీధిలో సెయింట్ థామస్ ది అపోస్తల్ అనే చర్చి ఉంది. 2003లో అదీ మూతపడింది. దాన్నీ కూల్చాలనుకున్నారు, అక్కడా జనం అడ్డుపడ్డారు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మేయర్ సంస్థ చేసిన అద్భుతమైన రంగుటద్దాలు ఆ చర్చివి. వాటిని తెచ్చి సెయింట్ బ్రిజిడ్ కిటికీలకు బిగించారు. బతికిన చర్చిలో ఇవాళ పొద్దుటెండ మూతపడ్డ ఇంకో చర్చి అద్దాల గుండా పడుతోంది. హార్లెమ్ వాళ్ళకు ఈ సంగతి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి.

2013 జనవరి 27న, ఈగన్ తర్వాత అగ్రపీఠాధిపతి అయిన కార్డినల్ తిమోతీ డోలన్ వచ్చి చర్చిని తిరిగి ప్రతిష్ఠించాడు. తలుపులు మూసి అప్పటికి పన్నెండేళ్ళు కావస్తోంది. పక్కపేటలో మూతపడిన సెయింట్ ఎమరిక్ విచారణను దీనితో కలిపారు. పోయిన శిఖరాలు మాత్రం తిరిగి రాలేదు. బురుజులు ఇప్పటికీ మొండివే.

అదే ఏడాది, నాలుగు వీధుల అవతల

2013 వేసవిలో ఈస్ట్ 12వ వీధిలో మేరీ హెల్ప్ ఆఫ్ క్రిస్టియన్స్ చర్చిని కూల్చేశారు. ఇటాలియన్ వలసజనం కట్టుకున్న జంట బురుజుల చర్చి అది. కవి అలెన్ గిన్స్‌బర్గ్ చాలా ఏళ్ళు దాని ఎదురింట్లోనే కాపురమున్నాడు. ఆయన కవితల్లో ఆ చర్చి ఊసు వస్తుంది. 2007లో మూసేశారు. 2012లో 4 కోట్ల 10 లక్షల డాలర్లకు ఒక బిల్డరు కొన్నాడు. ఆ స్థలంలో ఒకప్పుడు కతోలిక శ్మశానం ఉండేదని, తవ్వకాలు ఆపాలని పేట జనం మొత్తుకున్నారు. ఆగలేదు. సెయింట్ బ్రిజిడ్ తలుపులు తెరుచుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. అక్కడా జనం ఉన్నారు, ప్లకార్డులున్నాయి, చరిత్ర ఉంది. చెక్కు రాసే చెయ్యి రాలేదు, అంతే.

అదే 12వ వీధిలో పడమరగా వెళితే ఇంకో విచిత్రం. సెయింట్ ఆన్స్ అనే చర్చి ముందుగోడ, బురుజు మాత్రం నిలబడి ఉంటాయి. తలుపు తెరిస్తే లోపల ఏమీ ఉండదు. వెనక న్యూయార్క్ యూనివర్సిటీ కట్టిన 26 అంతస్తుల హాస్టలు. 1847లో బాప్టిస్టుల చర్చిగా మొదలై, తర్వాత యూదుల ప్రార్థనాలయమై, ఆపైన కతోలిక చర్చిగా మారిన కట్టడం అది. మూడు మతశాఖల వాళ్ళు మోకరిల్లిన చోటికి దక్కిన స్మారకం ఒక గోడ. ముఖం నిలబెట్టి ఒళ్ళు తీసేయడాన్ని పరిరక్షణ అనడం కన్నా, మొత్తం కూల్చేయడమే కాస్త నిజాయితీ.

పోరాటం ఒక్కటే చాలదని చెప్పడానికి బోస్టన్ దగ్గర సిట్యుయేట్ ఊరి ఉదాహరణ ఉంది. అక్కడి సెయింట్ ఫ్రాన్సెస్ జేవియర్ కాబ్రీనీ చర్చిని 2004లో మూసేస్తామంటే విశ్వాసులు లోపలే బైఠాయించారు. వంతులు వేసుకుని పగలూ రాత్రీ కాపలా కాశారు. పదకొండేళ్ళ పైచిలుకు. సుప్రీంకోర్టు వాళ్ళ మొర వినడానికి నిరాకరించాక 2016 మే నెలలో కన్నీళ్ళతో తాళం ఇచ్చేశారు.

చట్టం ఒక్కటే ఉన్నా చాలదు. మన్‌హట్టన్‌లోనే 86వ వీధి మూల మీద ఎర్రరాతి వెస్ట్ పార్క్ ప్రెస్బిటేరియన్ చర్చి ఉంది. అక్కడ కథ తిరగబడింది. 2010లో సభ్యులు వద్దన్నా వినకుండా నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. రాళ్ళు ఊడి జనం మీద పడకుండా కాలిబాట మీద వేసిన రేకుల పందిరి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. సభ్యులు పన్నెండు మందికి తగ్గారు. మరమ్మతు మా వల్ల కాదు, అమ్ముకోనివ్వండి అని వాళ్ళే 2022లో కమిషన్‌ను వేడుకున్నారు. మార్క్ రఫలో లాంటి నటులు కూల్చొద్దని రంగంలోకి దిగారు. 2024 జనవరిలో చర్చివారు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు గానీ, తగువు అక్కడితో తేలలేదు. కాపాడండి అని ప్లకార్డు పట్టుకున్నవాడు కాపాడడానికయ్యే ఖర్చులో తన వాటా ఎంతో కూడా చెప్పాలి. సెయింట్ బ్రిజిడ్ జనం ముందు చందాలు వేసుకుని, ఆ తర్వాతే కోర్టు మెట్లెక్కారు. వాళ్ళ మాటకు బరువు వచ్చింది అక్కడే.

బడి మాత్రం మిగల్లేదు

దాత ఎనభై లక్షల డాలర్ల వాటాలో సెయింట్ బ్రిజిడ్ బడి కూడా ఉందని చెప్పుకున్నాం కదా. చర్చి మూతపడిన రోజుల్లో పూజలకు చోటిచ్చింది ఆ బడే. 2019లో దాన్ని మూసేశారు. పిల్లలు తగ్గారు. పేటలో అద్దెలు పెరిగి, పిల్లలున్న కుటుంబాలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాక గోడలు కాపాడుకున్నా తరగతులు నిండవు. పేట మారిపోకుండా ఏ కోర్టూ స్టే ఇవ్వదు.

ఖాళీ బడికి కొన్నాళ్ళకే వేరే పని పడింది. 2023లో న్యూయార్క్‌కు వలసజనం ఒక్కసారిగా పోటెత్తారు. నగరం నడిపే వసతి శిబిరాల్లో గడువు తీరినవాళ్ళు మళ్ళీ పడక కోసమో, మరో ఊరికి టికెట్టు కోసమో వచ్చే కేంద్రాన్ని నగరపాలకులు ఆ బడి భవనంలోనే పెట్టారు. ఆ చలికాలంలో పశ్చిమాఫ్రికా నుంచి, వెనిజులా నుంచి వచ్చినవాళ్ళు చర్చి పక్కన పొద్దున్నే సామాన్లతో బారులు తీరారు. 1848లో డ్రై డాక్ దగ్గర దిగిన ఐరిష్‌వాడికీ వీళ్ళకూ ఆకలిలో పెద్ద తేడా లేదు.

న్యూజెర్సీలో మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. పిల్లల్ని చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులకు టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం ఎలాగూ చూపిస్తారు. వీలు చూసుకుని ఒక పూట ఈ పేటకూ వెళ్ళండి. జెర్సీ నుంచి పాత్ రైలెక్కి 14వ వీధిలో దిగి, అక్కడ ఎల్ రైలు పట్టుకుని థర్డ్ అవెన్యూ స్టేషన్‌లో దిగాలి. 12వ వీధిలోకి వెళితే ముందు సెయింట్ ఆన్స్ ఒంటిగోడ కనిపిస్తుంది. తూర్పుకు నడిస్తే ఫస్ట్ అవెన్యూ దాటాక మేరీ హెల్ప్ చర్చి స్థలంలో లేచిన ఖరీదైన ఫ్లాట్లు. అక్కణ్ణుంచి పార్కు దాటితే అవెన్యూ బి, 8వ వీధి మూల మీద సెయింట్ బ్రిజిడ్. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి కప్పు చూడండి. వాకిట్లో చందా పెట్టె ఉంటే ఒక డాలరు వేయండి.